మురికి నీటికి పత్తికట్టె బొగ్గు

  

తాగే నీళ్లు ఎక్కడినుంచి వస్తాయని మా హాస్టళ్లకు వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. వాడి వదిలిన నీళ్లు ఎటు పోతున్నాయని అడిగేవాళ్లు తక్కువ. వంటశాల వెనుక, బట్టలుతికే బండ దగ్గర, తండాలో బోరింగు చుట్టూ అవి నిలుస్తాయి. వాసన, దోమలు సరే, బోరింగు పక్కనే ఇంకి మళ్లీ మన బిందెలోకే వస్తే? అదీ మా భయం.

మరోపక్క జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పత్తి ఏరడం అయిపోగానే కట్టెను కుప్పేసి కాలబెడతాం. ఆ కట్టెతోనే ఈ నీటిని కొంత బాగుచేయొచ్చు.

భూపాలపల్లి పిల్లలకు బొగ్గంటే సింగరేణే గుర్తొస్తుంది. ఇది ఆ బొగ్గు కాదు. గాలి తక్కువగా ఆడేటట్టు కట్టెను కాలిస్తే బూడిద కాకుండా మిగిలే బొగ్గు. బయోచార్ అంటారు. దీని నిండా కంటికి కనిపించని రంధ్రాలు. మురికి నీటిలోని రంగును, వాసనను, అమ్మోనియాను అవి కొంతవరకు పట్టుకుంటాయి. డాక్టర్ ఎన్. సాయి భాస్కర్ రెడ్డి గారి జియో సంస్థ మన దేవరుప్పుల మండలం పెద్దమడూరులో బయోచార్‌ను పొలాల్లో వేసి చూసింది. మనం నీటి దగ్గర మొదలుపెట్టి పొలానికి చేరుద్దాం.

గరాటు ఆకారంలో గుంత తీయండి. ఎండిన కట్టె కొద్దిగా వేసి అంటించండి. పైన తెల్ల బూడిద కనిపించగానే ఇంకో వరుస వేయండి. గుంత నిండాక బాగా నీళ్లు పోసి ఆర్పండి. ఆలస్యమైతే బూడిదే మిగులుతుంది. మక్క బెండ్లు, సర్కారు తుమ్మ కూడా పనికొస్తాయి. దీనికోసం అడవిలో ఒక్క చెట్టుమీద గొడ్డలి పడొద్దు.

బొగ్గును శనగగింజంత ముక్కలు చేసి కడగండి. ఇంకుడు గుంతలో అడుగున కంకర, మధ్యలో బొగ్గు, పైన ఇసుక. నీళ్లు గుంతలోకి పోయేముందు జాలీ పెట్టి మెతుకులు, జిడ్డు ఆపాలి. లేకుంటే బొగ్గు త్వరగా పూడుకుపోతుంది. గుంత బోరింగుకు దూరంగా ఉండాలి. మరుగుదొడ్డి నీళ్లు ఇందులో కలపొద్దు. వడకట్టిన నీళ్లు తేటగా కనిపించినా తాగొద్దు, క్రిములన్నీ పోవు. చెట్ల మొదళ్లకు పోయండి.

నీళ్లు ఇంకడం తగ్గినప్పుడు బొగ్గు మార్చాలి. పాతది పారేయకండి. కొత్త బొగ్గును నేరుగా చేన్లో వేస్తే మొదట్లో నేలలోని నత్రజనిని తానే పట్టుకోవచ్చు. ఇది ముందే తిండి తిన్న బొగ్గు. పెంటకుప్పలో కలిపి, మాగాక చేనుకు తోలండి.

మిర్చి తోటల తమ్ముళ్లకు ఒక మాట. మందు పంపు కడిగిన నీళ్లు ఈ గుంతలో పోయొద్దు. బొగ్గు ఆ విషాన్నీ పట్టుకుంటుంది, ఆ బొగ్గును మళ్లీ చేన్లో వేయలేం.

ఈసారి కట్టె పీకేటప్పుడు అంతా కాలబెట్టకండి. తండాకో గూడేనికో ఒక్క గుంతకు సరిపడా పక్కన పెట్టండి. గుంత తవ్వే రోజు మా పెద్దపిల్లలనూ పిలవండి, పారలు పట్టుకుని వస్తారు.