ముక్కల లెక్క
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉదయము పంచాంగ శ్రవణము విన్నాము. గ్రహణము ఎప్పుడు పట్టి ఎప్పుడు విడుచునో గణితము ముందే చెప్పగలదు. ముందుగా చెప్పజాలని వాటికి కూడ ఒక గణితమున్నది. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

టిక్కెట్ల కిటికీ ముందు నిలిచిన మనిషి ఏ ఊరు అడుగునో మా రైల్వే గుమాస్తాలము చెప్పలేము. అయినను పండుగ ముందు రోజున ఏ ఊరికి ఎన్ని టిక్కెట్లు పోవునో ఇంచుమించుగా చెప్పగలము. పరమాణు కేంద్రకములు బ్రద్దలగుటలోను ఇదే తీరు.

బొగ్గులోని కార్బన్ కేంద్రకములో సాధారణముగా 6 ప్రోటాన్లు, 6 న్యూట్రాన్లు ఉండును. అతివేగముతో మరొక కేంద్రకమును ఢీకొన్నచో అది ముక్కలు కావచ్చును. ప్రోటాన్, న్యూట్రాన్ అను భేదము చూడక, 12 కణములను గుంపులుగా విడదీయుటకే 77 మార్గములున్నవి. కణములు 200 అయినచో మార్గములు సుమారు 3,97,300 కోట్లు! ఇట్టి విభజనలను లెక్కించు సూత్రమును 1918లో హార్డీతో కలిసి ప్రకటించిన శ్రీనివాస రామానుజన్, మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా పనిచేసినవారే.

అయితే అన్ని మార్గములకు సమానావకాశము లేదు. కార్బన్ కేంద్రకము మూడు హీలియం కేంద్రకములుగా విడిపోవుటకు 7.3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలును. పన్నెండు కణములు విడివిడిగా చెదరుటకు 92 కావలెను. ఖర్చు పోగా మిగిలిన శక్తిని ముక్కలు ఎంత ఎక్కువ విధములుగా పంచుకొనగలవో, ఆ మార్గమున పగులుట అంత తరచు. ఎన్రికో ఫెర్మీ 1950లో అధిక శక్తి తాకిడులకు చెప్పిన ఈ పద్ధతినే తరువాతివారు తేలిక కేంద్రకములు పగులుటకు అన్వయించిరి.

ఇది వట్టి వినోదము కాదు. 1994లో జపానులోని చిబాలో కార్బన్ కిరణములతో క్యాన్సరు చికిత్స ప్రారంభించిరి. ఆ కిరణము శరీరములో నిర్ణీతమైన లోతున ఆగి, అచ్చటనే అధిక శక్తిని విడుచును. కాని కొన్ని కేంద్రకములు నడుమనే పగిలి, వాటి తేలిక ముక్కలు వ్రణమును దాటి పోవును. దాని వెనుక వెన్నుపామే ఉండవచ్చును. అచ్చటికి ఎంత చేరునో ముందే లెక్కింపవలెను. ఆ లెక్కను ప్రయోగములతో సరిచూడవలెను.

ఏ ఒక్క కేంద్రకము ఎట్లు పగులునో ఎవరును చెప్పలేరు; కోట్ల కేంద్రకముల మొత్తము చెప్పవచ్చును. ఆ మొత్తము రోగి ఆయుర్దాయమును చెప్పదు. అతనికి కలుగు అనవసరపు హానిని మాత్రము తగ్గించును.