చుక్క గుర్తు కింద మూడు దారులు



సింగరాయకొండలో చరిత్ర సదస్సంటే నరసింహస్వామి గుడి శాసనాల గురించో, బకింగ్‌హాం కాలువ మీద సాగిన పడవ వర్తకం గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. వాటి మీద పత్ర సమర్పణలు మధ్యాహ్నం ఉన్నాయి. నాకిచ్చిన గంటను నలభై ఏళ్లుగా నన్ను వదలని ఒక ప్రశ్నకు కేటాయిస్తున్నాను. మన సైనికుడు పరాయి నేల మీద ఎప్పుడు నిలబడాలి? పరాయి సైన్యానికి మన ఆకాశంలో ఎప్పుడు చోటివ్వాలి? ఈ రెంటి మీద మన మితవాదులు తమలో తాము ఎందుకు తగువులాడుకున్నారు?

ఇది ఢిల్లీ విషయం, మన ఊరికేం సంబంధమని అడిగేవారున్నారు. ఈ హాలు పక్కన పోయే జాతీయ రహదారినే చూడండి. ఉత్తరాన కొరిశపాడు దగ్గర ఆ రోడ్డు మీదే 2022 డిసెంబరు 29న వైమానిక దళం ట్రయల్ రన్ చేసింది. మిర్చి లారీలు నడిచే రోడ్డు యుద్ధవిమానాల రన్‌వే కూడా అయిన చోట, యుద్ధం ఢిల్లీ విషయమని ఎలా అనుకుంటాం?

మన మితవాదులంటే ముందుగా స్వతంత్ర పార్టీ. దాని పుట్టుక మీకు తెలుసు. 1959 జనవరిలో సహకార వ్యవసాయంపై కాంగ్రెస్ నాగపూర్ తీర్మానం, జూన్‌లో మద్రాసు ప్రకటన, అధ్యక్షుడిగా నిడుబ్రోలు రంగా గారు. మన రాష్ట్రంలో ఆ పార్టీకి 1962లో 19, 1967లో 29 శాసనసభ స్థానాలు వచ్చాయి. మన పుస్తకాలన్నీ ఇక్కడితో ఆగిపోతాయి. సహకార వ్యవసాయాన్ని వ్యతిరేకించిన భూస్వాముల పార్టీ అని ఒక వాక్యం, అమెరికాకు అనుకూలమని ఇంకో వాక్యం. ఆ రెండు వాక్యాలతో ఒక తరం రైతుల రాజకీయాన్ని పూడ్చిపెట్టాం.

ఆ పార్టీలో ముగ్గురు మనుషులు మూడు దారుల్లో ఒకే వాకిటికి వచ్చారు. మీనూ మసానీ 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీని స్థాపించినవారిలో ఒకరు. స్టాలిన్ పాలన చూసి మనసు విరిగి కమ్యూనిజానికి ఎదురు తిరిగారు. రాజాజీది ధర్మాధర్మాల తూకం. రంగా గారు 1936లో అఖిల భారత కిసాన్ సభకు ప్రధాన కార్యదర్శి. రష్యాలో, చైనాలో సమష్టి క్షేత్రాల పేరుతో రైతు చేతి నుంచి నేల పోవడం ఆయనను కలవరపెట్టింది. మసానీ వ్యతిరేకత సిద్ధాంతం నుంచి, రాజాజీది అంతరాత్మ నుంచి, రంగా గారిది పొలం గట్టు మీద నుంచి వచ్చాయి. ముగ్గురూ అలీన విధానాన్ని విమర్శించారు. కారణాలు వేరైనప్పుడు కష్టకాలంలో దారులూ వేరవుతాయి.

ఆ కష్టకాలం 1962లోనే వచ్చింది. సెప్టెంబరు నెలాఖరున 83 ఏళ్ల రాజాజీ వాషింగ్టన్‌లో కెనెడీ ఎదుట కూర్చుని అణు పరీక్షలు ఆపమని అడిగారు. నెల తిరగకుండానే, అక్టోబరు 20న చైనా సేనలు సరిహద్దు దాటాయి. నవంబరు 19న నెహ్రూ గారే అమెరికా యుద్ధవిమాన దళాలను కోరవలసి వచ్చింది. పశ్చిమ దేశాలతో సైనిక సంబంధం పెట్టుకోవాలన్న స్వతంత్ర పార్టీ మాటకు అప్పుడు బలం వచ్చింది. 1964 అక్టోబరు 16న చైనా బాంబు పేల్చగానే మితవాదుల ఇల్లు రెండుగా చీలింది. మనకూ బాంబు కావాలని జనసంఘం నవంబరులో లోక్‌సభకు తీర్మానం తెచ్చింది. స్వతంత్ర పార్టీ ఆ దారి వద్దంది. స్నేహితుడి గొడుగు కింద నిలబడదామని వీళ్లు, గొడుగు మనదే ఉండాలని వాళ్లు. అదే ఏడాది షేక్ అబ్దుల్లా జైలు నుంచి విడుదలై మద్రాసు వచ్చి రాజాజీని కలిశారు. పాకిస్తాన్‌తో రాజీ పడాలన్న రాజాజీ మాటకు మసానీ తోడు నిలిచారు, పార్టీలో చాలామందికి అది మింగుడుపడలేదు. వీళ్లందరినీ ఒకే గాటన కట్టి చరిత్ర రాస్తే అది చరిత్ర అవుతుందా?

ఈ ముగ్గురిలో రంగా గారిని ఢిల్లీలో కూర్చుని చదివితే అర్థం కారు. పొగాకు బ్యారన్ దగ్గర కూర్చుని చదవాలి. ఈ మాట మీద నేను పట్టుబట్టితే అతి అని కొందరు మిత్రులు అన్నారు. వాళ్ల కోసం మా ఇంటి సంగతి చెబుతాను.

మా నాన్న స్వతంత్ర పార్టీ చుక్క గుర్తు మనిషి. గోడల మీద ఆ నక్షత్రాన్ని సున్నంతో తానే గీసేవారు. నేను ఈ రోజు వెంట తెచ్చిన ఈ జమాఖర్చు పుస్తకం ఆయనదే. 1962 నవంబరు పేజీలో మా అమ్మ గాజుల జత జాతీయ రక్షణ నిధికి ఇచ్చినట్టు రాసి ఉంది. కింద వరసలో ఆకు కొట్టిన కూలీల లెక్క. మరికొన్ని ఏళ్ల తర్వాతి పేజీలో, ఏజెంటు చెప్పిన మాటగా, ‘ఈసారి సరుకు రష్యాకు’ అని ఉంది. కమ్యూనిజం పేరెత్తితే కోపం తెచ్చుకునే మా నాన్న రెక్కల కష్టం రూపాయి వాణిజ్యంలో సోవియట్ దేశానికి ఓడెక్కింది. మా అక్క పెళ్లి ఆ డబ్బుతోనే జరిగింది. పశ్చిమంతో జట్టు కట్టాలన్న పార్టీకి ఓటేసి, తూర్పున అమ్ముకుని బతికిన రైతులు ఈ జిల్లాలో ఒకరిద్దరు కాదు. 1991లో సోవియట్ యూనియన్ కూలితే ఆ దెబ్బ టంగుటూరు, కందుకూరు, కొండపి వేలం కేంద్రాల దాకా తగిలింది. విదేశాంగ విధానం మా వాకిట్లోకి పొగాకు బేళ్ల లెక్కగా వచ్చింది. ఆ లెక్క తెలిసినవాడు యుద్ధకూటముల గురించి మాట్లాడేటప్పుడు గొంతులో ఒక తడబాటు ఉంటుంది. రంగా గారి లోక్‌సభ ఉపన్యాసాల్లో నేను నలభై ఏళ్లుగా వెతుకుతున్నది ఆ తడబాటునే.

మా పాత తరం విమర్శకుల్లో కొందరికి వర్గం పేరు చెప్పగానే విచారణ ముగిసిపోతుంది. కొత్త తరంలో కొందరికి దేశభక్తి పేరు చెప్పగానే విచారణ అవసరమే లేకుండా పోతుంది. మొదటివారు మితవాది నోట మాట వినకుండానే తీర్పిచ్చారు. రెండోవారు విన్నది తమ మాటేననుకున్నారు. ఇద్దరూ స్వతంత్ర పార్టీ కరపత్రం తెరవలేదు. ఈ అంశం మీద పరిశోధనకు నేను దరఖాస్తు పెట్టినప్పుడు, జిల్లా స్థాయి రాజకీయానికి విదేశాంగ విధానంతో పనేమిటని ఒక సంస్థ తిప్పి పంపింది. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. దానికి జవాబుగానే ఇన్నేళ్లు పనిచేశాను.

రంగా గారి కథ 1971 ఎన్నికల ఓటమితో ముగిసిందనుకోవడం ఇంకో పొరపాటు. ఆయన కాంగ్రెస్‌కు తిరిగి వచ్చి 1980, 1984, 1989 ఎన్నికల్లో గుంటూరు నుంచి గెలిచారు. 1987 జూలై 29న శ్రీలంక ఒప్పందం కుదిరి మన సైన్యం జాఫ్నాలో దిగేనాటికి ఆయన అధికారపక్షం బెంచీల్లో ఉన్నారు. పావు శతాబ్దం కింద పశ్చిమ దేశాల సైనిక అండ కోరిన పార్టీకి నాయకుడు, ఇప్పుడు పరాయి దీవికి మన సైన్యాన్ని పంపిన పార్టీలో పెద్ద. 1990 మార్చి 24న చివరి దళం తిరిగి వచ్చేసరికి సుమారు 1,200 మంది జవాన్లు పోయారు. అప్పట్లో నా క్లాసులో చదివి సైన్యంలో చేరిన ఒక కుర్రాడు ఒక కాలు అక్కడ వదిలి వచ్చాడు. ‘మాస్టారూ, మేం ఎవరి తరఫున వెళ్లామండీ?’ అని అడిగాడు. చరిత్ర పాఠం చెప్పేవాడిని నేను, నా దగ్గర సమాధానం లేదు. అతని ప్రశ్న అప్పటి నుంచి నాది కూడా అయింది.

2003లో అదే ప్రశ్న ఇంకో రూపంలో తలుపు తట్టింది. ఇరాక్‌కు సేనలు పంపమని అమెరికా అడిగింది. వాజపేయి ప్రభుత్వంలోనే రెండు వాదాలు నడిచాయి. అగ్రరాజ్యంతో స్నేహానికి ఇదే అదనని కొందరు, ఐక్యరాజ్యసమితి ఆదేశం లేకుండా పరాయి ఆక్రమణలో భాగస్తులం కాకూడదని కొందరు. అప్పుడు భాజపా అధ్యక్షులు మన పొరుగున నెల్లూరు జిల్లాకు చెందిన వెంకయ్యనాయుడు గారు. ఆ ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిచ్చినవారు 1999లో 29 స్థానాలు గెలిచిన తెలుగుదేశం వారు. ఏప్రిల్ 8న లోక్‌సభ యుద్ధాన్ని నిందించింది, జూలై 14న ప్రభుత్వం సేనలు పంపలేమంది. ఆ మూడు నెలల్లో మన తెలుగు నాయకులు ఏ గదిలో ఏమన్నారో, మన పత్రికలు ఏం రాశాయో కూర్చిన ఒక్క పుస్తకం తెలుగులో నాకు కనిపించలేదు. కూటమి కోరిన మసానీ, అంతరాత్మను అడిగిన రాజాజీ ఆ రోజు ఒకే మంత్రివర్గంలో ఎదురెదురుగా కూర్చున్నట్టు నాకు అనిపిస్తుంది. అక్కడ మూడో కుర్చీ ఖాళీగా ఉంది. బిడ్డను పంపే ఇంటి, సరుకు అమ్ముకునే ఇంటి తరఫున మాట్లాడే కుర్చీ అది.

అందుకే మిత్రులారా, నా విన్నపం చిన్నది. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నుంచి మన పత్రికలను కాపాడుతూ వస్తోంది. మీరు అక్కడికి వెళ్లండి. వెళ్లేముందు మీ ఇళ్ల అటకలు ఎక్కండి. చుక్క గుర్తు కరపత్రాలు, పొగాకు లెక్కలు, జాఫ్నా నుంచి ఇంటికి వచ్చిన ఉత్తరాలు చెదలకు వదలకండి. మితవాదిని మీరు మెచ్చుకోవాలని నేను అడగను. అతని వాదం పూర్తిగా విని, అతని ఇంట్లో జరిగిన తగువు కూడా రాసి, అప్పుడు తీర్పివ్వండి.

అరవై ఏళ్లుగా ఈ జమాఖర్చు పుస్తకం మా ఇంట్లో ఉంది. అమ్మ గాజులు, రష్యా సరుకు ఒకే దారంతో కుట్టిన కాగితాల మీద ఉన్నాయి. సదస్సు ముగిశాక రేపు ఉదయం రైల్లో దీన్ని వేటపాలెం తీసుకెళ్లి ఇచ్చి వస్తాను. మీలో ఎవరి దగ్గర ఇలాంటి కాగితం ఉన్నా నాతో రండి.