నీళ్లు చెడవని వాళ్లే రుజువు చేయాలి
(హాలియా మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెంటకుప్ప ఎక్కడ వేయాలో మన పెద్దవాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. బావికి దూరంగా, బావికంటే పల్లంలో వేసేవారు. వానొస్తే కుప్పలోంచి దిగే నల్లనీళ్లు బావిలోకి పోకూడదని వాళ్లకు తెలుసు. ఈరోజు నేను మాట్లాడేదీ పెంటకుప్ప గురించే. కాకపోతే ఇది ఊరంతటి కుప్ప.

హాలియా 2018లో మునిసిపాలిటీ అయింది. పట్టణమన్నాక తడిచెత్తను ఎరువు చేసే యార్డు ఉండాల్సిందే. దానికి నేను వ్యతిరేకిని కాను. చెత్తను తగలబెట్టడంకంటే, వాగులో పోయడంకంటే అది ఎంతో నయం. నా ప్రశ్న ఒక్కటే. వానాకాలంలో అక్కడినుంచి కారే నీళ్లు ఎటు పోవాలి?

ఆ నీళ్లలోని నత్రజని నైట్రేటుగా మారి బోర్లలోకి దిగుతుంది. తాగేనీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లతో డబ్బాపాలు కలిపి పడితే పసిబిడ్డల రక్తానికి ప్రాణవాయువు మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారే ప్రమాదముంది. నీళ్లు కాచినా నైట్రేటు పోదు. మన జిల్లాను వంగదీసిన ఫ్లోరైడు రాళ్లలోంచి వచ్చింది. ఇది మాత్రం మనుషులు చేజేతులా తెచ్చేది.

హైదరాబాదు చెత్తంతా చేరిన జవహర్‌నగర్‌లో మురుగునీరు మల్కారం చెరువును, భూగర్భ జలాలను పాడుచేసింది. కుప్పకు కప్పు వేయడం, మురుగును శుద్ధిచేసే ప్లాంటు పెట్టడం ఆ తర్వాత జరిగాయి. ముందు నష్టపోయింది చుట్టుపక్కల జనం.

ఏం చేయాలో తెలియక కాదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే అప్పట్లో ఇలా రాశారు. ఎరువు కుప్పల కింద కాంక్రీటు గానీ, 50 సెంటీమీటర్ల మందాన దిమ్మిస కొట్టిన బంకమన్ను గానీ ఉండాలి. నూటికి 1 నుంచి 2 వంతుల వాలుండాలి. చుట్టూ నీరింకని మోరీ కట్టాలి. కారిన నీటిని తిరిగి కుప్పలకే తేమగా వాడాలి.

మనం నోరు విప్పగానే 'నీళ్లు చెడ్డాయని రుజువేది?' అంటారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల దగ్గర ఫ్యాక్టరీ పెట్టబోతే వచ్చిన కేసులో 1999లో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. హాని జరగదని నిరూపించాల్సిన భారం ఆ పని తలపెట్టినవాళ్లదే. మన పిల్లలు జబ్బుపడి రుజువు కానక్కర్లేదు.

కాబట్టి మూడు పనులు చేద్దాం. యార్డు చుట్టూ తిరిగి వాలు ఎటుందో, మోరీ ఎక్కడ ఆగిపోయిందో చూద్దాం. అక్కడ చెత్త ఏరే ఆడవాళ్లను మన సంఘంలోకి పిలుద్దాం. నల్లనీళ్లను మొదట చూసేది, తొక్కేది వాళ్లే. చుట్టుపక్కల బోర్ల నీటిని వానలకు ముందొకసారి, తర్వాతొకసారి పరీక్ష చేయించమని రాతపూర్వకంగా అడుగుదాం. ఫలితాలు చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి.

నీళ్ల సంగతి ఆడవాళ్లకెందుకంటారు కొందరు. బిందె మోసేది మనం, రోగమొస్తే మంచం పక్కన కూర్చునేదీ మనం. అడిగే హక్కు ఇంకెవరికుంది?