మృతునితో ఒడంబడిక



అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1967వ సంవత్సరము జనవరి 12వ తేదీన జేమ్సు బెడ్ఫర్డు అను మనశ్శాస్త్రాచార్యుడు పుట్టకురుపు వ్యాధిచే కాలధర్మము నొందెను. ఆయన దేహమును దహింపలేదు, ఖననము చేయలేదు. నేటికిని అది అరిజోనా రాష్ట్రమున, సున్నకు దిగువ 196 డిగ్రీల శీతలముగల ద్రవనత్రజనిలో నిలువయున్నది. రానున్న యుగపు వైద్యులు రోగము కుదిర్చి లేపుదురని ఆయన యాశ. ఇట్టి దేహములు నేడు వందలకొలది గలవు.

దీనిని విని నవ్వువారు గలరు. నాకు నవ్వు రాదు. దశరథుని కళేబరమును తైలద్రోణియం దుంచిరని మన మెరుగుదుము. అది భరతుడు వచ్చి ఉత్తరక్రియలు జరుపుటకు. ఇది మృతుడే మరల వచ్చుటకు! ఆశ మానవసహజము. దానికి వెలకట్టి పత్రము వ్రాయించుకొన్నప్పుడే మావంటి న్యాయవాదులకు ప్రసక్తి కలుగుచున్నది.

ముందు శాస్త్రము మాట. నీరు గడ్డకట్టి స్ఫటికములైనచో జీవకణములు చినుగును. కావున రక్తమును తీసివేసి, రసాయనద్రవమును నాళముల కెక్కించి, దేహమును గాజువలె ఘనీభవింపజేయ యత్నింతురు. ఇది బూటకము కాదు. ఘనీభవింపజేసిన మానవపిండమునుండి 1984లోనే ఆస్ట్రేలియాలో శిశువు జనించెను. 2023లో మినెసోటా విశ్వవిద్యాలయమువారు ఎలుక మూత్రపిండములను నూరుదినములవరకు అట్లు నిలిపి, వెచ్చజేసి, వేఱు ఎలుకల కమర్పగా అవి పనిచేసినవి. కాని ఆ పిండము కొన్ని కణముల ముద్ద. ఆ మూత్రపిండము చిక్కుడుగింజంత. 8,600 కోట్ల నాడీకణములుగల మానవ మస్తిష్కము మాట యటుండ, అంతటి శీతలమునుండి ఒక్క ఎలుకనైనను సజీవముగ లేపినవారు లేరు.

ఇక ఒడంబడిక. దేహ మొకటికి రెండులక్షల డాలర్లకు పైగా పుచ్చుకొను సంస్థ గలదు. సొమ్మిచ్చినవాడు మృతుడు, అతడు దావా వేయజాలడు. చికిత్స చేయవలసిన వైద్యు డింకను పుట్టలేదు. నత్రజని నిత్యము ఆవిరియగుచుండును. దానిని మరల మరల పోయువాని ధర్మబుద్ధియే ఆధారము. కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్తు శ్మశానమున నేలమాళిగలో దాచిన తొమ్మిది దేహములు, పోషించుటకు ధనము చాలక, కరగి కుళ్లినట్లు 1979లో బయల్పడెను. తమవారు భద్రముగా నున్నారని నమ్మిన బంధువుల దుఃఖమును ఊహింపుడు!

2016లో లండను ఉన్నతన్యాయస్థానమునకు పుట్టకురుపుచే మరణమున కాసన్నయైన పదునాలుగేండ్ల బాలిక మొర పెట్టుకొనెను. తన దేహమును శీతలమున నిలుపవలెనని ఆమె కోరిక. తల్లి సమ్మతించెను, వేఱుగానున్న తండ్రి తొలుత సమ్మతింపలేదు. న్యాయమూర్తి పీటరు జాక్సను స్వయముగా ఆసుపత్రికి పోయి ఆమెను చూచెను. తాను ఈ శాస్త్రము నిజమా కాదా యని తీర్పు చెప్పుటలేదని స్పష్టపరచి, నిర్ణయాధికారమును తల్లి కిచ్చెను. నా యభిప్రాయమున అది సరియైన తీర్పు. అయినను ఆ తల్లి, బిడ్డ కడపటిదినమున, బిడ్డచెంత నుండుటకంటె దేహమును పంపు ఏర్పాటులందే మునిగియుండెనని ఆసుపత్రివారు పిమ్మట న్యాయస్థానమునకు విన్నవించిరి. ఇట్టి పనులకు కట్టుబాటులు కల్పించుటను గూర్చి మంత్రు లాలోచింపవలెనని ఆ న్యాయమూర్తియే సూచించెను. ఆ చట్టమున మొదటి నిబంధన, దేహరక్షణకై యిచ్చిన సొమ్ము సంస్థ ఖర్చులలో కలియక వేఱు ధర్మనిధిగా నుండి, ఏటేట దాని లెక్క బంధువుల యెదుట పెట్టవలెననునదిగా నుండవలెను.