ఇంజను బలము, క్రాంక్ షాఫ్టు

విసురురాయికి పిడిని నడుమ పాతరు. అంచునకు దగ్గరగా పాతుదురు. నడుమ నున్నచో ఎంత త్రోసినను రాయి తిరుగదు. అంచున నున్నందుననే చేయి ముందునకు వెనుకకు ఆడగా రాయి గుండ్రముగా తిరుగును. ట్రాక్టరు ఇంజనులోని క్రాంక్ షాఫ్టు చేయు పనియు నిదియే. పిస్టను క్రిందికి మీదికి ఆడును. ఆ ఆటను తిరుగుడుగా మార్చి చక్రములకు అందించునది క్రాంక్ షాఫ్టు.

పిట్లమునకు సమీపమున మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము కలదు. ఆ చుట్టుపట్ల నీరు పారు పొలములలో దమ్ము చేయు దినములందు ట్రాక్టరుకు విశ్రాంతి యుండదు. అప్పుడు కొందరు, పంపును సవరించి డీజిలు ఎక్కువగా వదలిన హార్సుపవరు పెరుగునని తలతురు. పెరుగుట నిజమే. కాని ఆ బలమును భరింపవలసినది షాఫ్టు.

నిమిషమునకు 2000 మారులు తిరుగు ఇంజనులో ఒక్కొక్క సిలిండరు 1000 మారులు పేలును. గంటకు 60,000 మారులు. ప్రతి పేలుడుకును షాఫ్టు వెంట్రుకవాసి వంగి, మెలిదిరిగి, మరల నిలుచును. ఇనుప తీగెను అటునిటు వంచుచు పోయిన తుదకు తెగును గదా! షాఫ్టును అట్లే అలసి విరుగును. బేరింగు పట్టుచోటు ప్రక్క దిమ్మెతో కలియు మూలయందో, నూనె రంధ్రపు అంచునందో మొదట సన్నని బీట పుట్టును. అందుచేతనే ఆ మూలను గుండ్రముగా చేయుదురు.

షాఫ్టులను చేయు విధములలో రెండింటిని ఇచట చెప్పుదుము. కాల్చిన ఉక్కును అచ్చులలో నొక్కి, పిదప యంత్రముపై నునుపు చేయుట ఒకటి. అందు ఉక్కు పోగు షాఫ్టు ఆకృతి ననుసరించి వంగును. నికెలు, క్రోమియము, మాలిబ్డినము కలిసిన ఉక్కు దిమ్మెను యంత్రముపై కోసి చెక్కుట రెండవది. వేయి హార్సుపవరు దాటు పందెపు ఇంజనులకు తరచుగా ఇట్టి షాఫ్టునే వాడుదురు. క్రొత్త కొలతకు క్రొత్త అచ్చు అక్కరలేకపోవుట దీని సౌలభ్యము. అంతియే గాని, కోసి చేసినంత మాత్రమున బలము రాదు. మంచి ఉక్కు, సరియైన కాపు, నునుపైన మూల, ఈ మూడును కూడిననే బలము.

అరిగిన షాఫ్టును 0.25 మిల్లీమీటరు మేర గ్రైండింగు చేయించి, దానికి సరిపడు బేరింగులు వేయుట మంచి పద్ధతియే. కాని మేస్త్రీని మూడు విషయములు అడుగవలెనని మా మనవి. గ్రైండింగునకు ముందు అయస్కాంతముతోను ఇనుప పొడితోను బీటలు పరీక్షించితివా? మూలను గుండ్రముగానే ఉంచితివా? గట్టిపరచిన పైపొర అరిగిపోయినదా, నిలిచినదా? ఈ ప్రశ్నలకు పట్టునది నిమిషము. దమ్ము నడుమ షాఫ్టు విరిగినచో పోవునది ఆ యేటి అదను.

బండికి మరియొక జత ఎద్దులను కట్టుటకు ముందు రైతు నొగను తట్టి చూచును. పంపుపై చేయి వేయుటకు ముందు ఇంజను విషయమునను అంతటి జాగ్రత్తయే కావలెను.