దేవాలయము దగ్ధమైన పిదప

రాజ్యమును కోల్పోయిన జాతులు చరిత్రలో అనేకములు కలవు. రాజ్యముతోపాటు తన మతమునకు ఆయువుపట్టయిన ఏకైక దేవాలయమును కూడ కోల్పోయి, ఆ మతమును నిలుపుకొన్న జాతి మాత్రము అరుదు. ప్రాచీన యూదులు అట్టివారు. ఇది యెట్లు సాధ్యమయ్యెనో ఈనాడు మనము కొంత పరిశీలింతము.

క్రీ. పూ. 63లో రోమను సేనాని పాంపే యెరూషలేమున ప్రవేశించెను. క్రీ. శ. 6లో యూదయ రోమను అధికారుల ప్రత్యక్షపాలన క్రిందికి వచ్చెను. పన్నుల బరువు, అధికారుల దురాశ, బహుదేవతారాధకులగు పాలకులకును ఏకేశ్వరోపాసకులగు ప్రజలకును నడుమ పెరిగిన అవిశ్వాసము నివురుగప్పిన నిప్పువలె నుండెను. 66లో ఫ్లోరస్ అను అధికారి దేవాలయ ధనాగారమునుండి 17 టాలెంటుల ధనమును తీసికొనగా ఆ నిప్పు భగ్గుమనెను. చక్రవర్తి క్షేమార్థము ఆలయమున నిత్యము జరుగుచుండిన బలిని యాజకులు నిలిపివేసిరి. రోము దృష్టిలో ఇది యుద్ధప్రకటనమే.

మొదట సిరియానుండి వచ్చిన రోమను సేన పరాజయము పొందెను. కాని యెరూషలేములోని తిరుగుబాటుదారులు పక్షములుగా చీలి తమలో తాము పోరాడుచు, ముట్టడికై దాచిన ధాన్యపుకొట్లను సైతము తగులబెట్టిరని చరిత్రకారుడు జోసీఫస్ వ్రాసెను. 70లో టైటస్ నగరమును పట్టుకొనెను. ఆలయము అగ్నికి ఆహుతి యయ్యెను. అందలి ఏడుకొమ్మల దీపస్తంభమును మోసికొనిపోవు ఊరేగింపును రోములోని టైటస్ తోరణముపై నేటికిని చూడవచ్చును. ఆలయమునకు యూదులు ఏటేట చెల్లించుచుండిన కానుక ఇక జూపిటరు దేవునిపేర పన్నుగా మారెను.

ఆలయము లేనిచో బలులు లేవు. బలులు లేనిచో పాపపరిహారమెట్లు? ఇది పండితుల చర్చ మాత్రమే కాదు. ప్రతి గృహస్థుని వేదన.

యోహానాన్ బెన్ జక్కాయి అను గురువును శిష్యులు శవపేటికలో నుంచి ముట్టడిలోని నగరము దాటించిరని ఒక గాథ కలదు. గాథ యెట్లున్నను, యావ్నె పట్టణమున ఆయన చుట్టును పండితులు చేరిరి. దయాకార్యములును బలులవలెనే పరిహారము లగునని ఆయన బోధించెనని సంప్రదాయము. బలివేళలకు ప్రార్థనవేళలు ప్రతిగా నిలిచెను. పస్కా పండుగకు ఆలయమున వధించు గొఱ్ఱెపిల్లకు మారుగా, ఇంటి భోజనపు బల్ల, పులియని రొట్టె, పిల్లలకు చెప్పు విమోచనకథ ప్రధానము లయ్యెను. యాజకుని స్థానమును క్రమముగా రబ్బీ పొందెను.

అయినను, అందరును కత్తి విడిచి పుస్తకము పట్టిరని మనము తలంపరాదు. 115–117 నడుమ ఈజిప్టు, సైరీన్, సైప్రసు యూదులు తిరుగబడిరి. 132లో సైమను బార్ కొఖ్బా యూదయలో మహావిప్లవము లేవదీసెను. మహాపండితుడగు అకీబాయే అతనిని మెస్సీయగా భావించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ నాయకుని లేఖలు 1960లో ఎడారిగుహలో దొరకినవి. ఒకదానిలో అతడు రెండు గాడిదలను పంపుచు, పర్ణశాలల పండుగకై ఖర్జూరపు మట్టలను, మాదీఫలములను తెప్పింపుమని కోరెను. యుద్ధమధ్యమునను పండుగ మఱవలేదు! 135లో బేతార్ దుర్గము కూలెను. 985 గ్రామములు నాశనమైనవని కాసియస్ డియో లెక్కచెప్పెను. హేడ్రియన్ చక్రవర్తి యూదులకు యెరూషలేమును నిషేధించెను. యూదయ పేరునే మార్చి సిరియా పాలస్తీనా యనిరి.

మిగిలిన పండితులు ఉత్తరమున గలిలయకు చేరిరి. సుమారు 200లో రబ్బీ యూదా, తరతరముల మౌఖిక ధర్మమును మిష్నాగా కూర్చెను. అందు సేద్యము, వివాహము, నష్టపరిహారము వంటి నిత్యజీవన విషయములు కలవు. వానితోపాటు, నూటముప్పది యేండ్లకు పూర్వమే భస్మమైన ఆలయపు గుమ్మములు, ప్రాకారములు, బలిపీఠము కొలతలతో సహా కలవు. చూచినవా రెవ్వరును బ్రతికిలేని ఆలయమును విద్యార్థులు కంఠస్థము చేసిరి. రాతికట్టడమును టైటస్ సైనికులు కాల్చగలిగిరి. పాఠముగా మారినదానిని కాల్చుట ఏ సైన్యమునకును సాధ్యము కాలేదు.