ఒంటికి పట్టే లెక్క



ఇవాళ పట్టాలు పుచ్చుకోవడానికి మీరు వేసుకున్న ఆ గౌన్లలో ఎంత ఉక్కపోస్తుందో నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు అక్కడే, ఫ్యాను అందని వరుసలో కూర్చున్నాను. అందుకని ఎక్కువసేపు తీసుకోను.

ఫుడ్ సైన్స్ చదువుతున్నామంటే "అంటే వంటా?" అని అడిగే చుట్టాలు మీ అందరికీ ఉండే ఉంటారు. నేను జీర్ణక్రియ మీద పనిచేస్తానని చెబితే మా పెద్దత్తయ్య ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దంది. కానీ నా పరిశోధన ఏమిటో ఒక్క ముక్కలో చెప్పిందీ ఆవిడే. బక్కగా ఉన్న మనవణ్ణి చూపించి, "వీడు తింటాడు గానీ ఒంటికి పట్టదే" అనేది. పళ్లెంలో ఎంత ఉందన్నది ఒక లెక్క, ఒంటికి ఎంత పట్టిందన్నది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క ఏ ఒక్క ల్యాబూ ఒంటరిగా తేల్చలేకపోయింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది అదే.

1822 జూన్‌లో, అమెరికా ఉత్తరాన పెద్ద సరస్సుల నడుమ ఉన్న మాకినా దీవిలో, బొచ్చుతోళ్ల కంపెనీ దుకాణంలో ఒక తుపాకి పొరపాటున పేలింది. అలెక్సీ సెయింట్ మార్టిన్ అనే ఫ్రెంచి కెనడియన్ పడవకూలీకి దెబ్బ తగిలింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతణ్ణి బతికించాడు గానీ పొట్టకు పడిన కన్నం పూడలేదు. మూడేళ్ల తర్వాత, 1825 ఆగస్టు 1న, మధ్యాహ్నం 12 గంటలకు బోమాంట్ పట్టుదారానికి మాంసం ముక్కలు, పంది కొవ్వు, నిలవ రొట్టె, పచ్చి క్యాబేజీ కట్టి ఆ కన్నంలోంచి లోపలికి దించాడు. గంట తర్వాత బావిలోంచి చేద తోడినట్టు పైకి లాగాడు. క్యాబేజీ, రొట్టె సగం కరిగాయి, మాంసం ఇంకా అలాగే ఉంది. మళ్లీ దించాడు. ఆ పొట్ట మీద రెండు వందలకు పైగా ప్రయోగాలు చేసి 1833లో పుస్తకం వేశాడు.

ఆ ఏడాదే సెయింట్ మార్టిన్ జఠరరసాన్ని సీసాలో నింపి, ఓడలో స్వీడన్‌కు, బెర్జీలియస్‌కు పంపారు. రసాయనశాస్త్రంలో ఆ రోజుల్లో ఆయన మాటే మాట. సీసా చేరేసరికి నెలలు గడిచాయి. పనికొచ్చే జవాబేదీ తిరిగి రాలేదు. అంతర్జాతీయ సహకారం అని ఎవరన్నా నాకు ముందుగా ఆ సీసాయే గుర్తొస్తుంది. సెయింట్ మార్టిన్ సంగతి మళ్లీ చెబుతాను.

ఇంచుమించు రెండు శతాబ్దాల తర్వాత, మా తరం ల్యాబుల్లోకి వచ్చేసరికి మనిషి పొట్ట స్థానంలో గాజు గొట్టం వచ్చింది. చిక్కేమిటంటే, ఎవరి గొట్టం వారిది. ఒకరి జఠరరసం ఎక్కువ పులుపు, ఇంకొకరిది తక్కువ. ఒకరు గంట ఉంచుతారు, ఇంకొకరు రెండు గంటలు. ఒకే పాలకు, ఒకే పప్పుకు రకరకాల జవాబులు వచ్చేవి. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మా తాతగారి ఊరి కుంచం వేరు, పక్క ఊరి కుంచం వేరు, వడ్లు మాత్రం అవే. అలా ఉండేది వ్యవహారం.

2011లో యూరప్‌లో ఇన్ఫోజెస్ట్ అనే కూటమి మొదలైంది. ఫ్రాన్స్‌లో రెన్ నగరంలోని ఇన్రా సంస్థకు చెందిన దిదియే దుపాన్ దానికి సారథి. 'కాస్ట్' అనే యూరోపియన్ పథకం డబ్బిచ్చింది. ఆ పథకానికి ఒక విచిత్రమైన నియమం ఉంది. పరిశోధనకు పైసా ఇవ్వదు. సమావేశాలకు, ప్రయాణాలకు, ఒకరి ల్యాబ్‌కు ఇంకొకరు వెళ్లి పని నేర్చుకోవడానికి మాత్రమే ఇస్తుంది. అంటే కూర్చుని మాట్లాడుకోవడానికి డబ్బులు. మన దగ్గర ఆడిటర్లు ఇలాంటి బిల్లు పాస్ చేస్తారా అని నాకు అనుమానమే. కానీ ఆ మాటల్లోంచే 2014లో అందరికీ ఒకే పద్ధతి వచ్చింది. 2019లో దాన్ని సవరించి 'నేచర్ ప్రోటోకాల్స్'లో మళ్లీ అచ్చువేశారు.

ఆ పద్ధతి మీలో చాలామంది చేసే ఉంటారు. వెనక వరుసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నల కోసం చెబుతాను. 5 గ్రాముల తిండికి అంతే కృత్రిమ లాలాజలం కలిపి 37 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు ఉంచుతాం. పదయింది. దానికి అంతే జఠరరసం పోసి, పీహెచ్ 3కి తెచ్చి, రెండు గంటలు తిప్పుతాం. ఇరవయ్యింది. ఆపైన అంతే పేగురసం, పైత్యలవణాలు కలిపి, పీహెచ్ 7 దగ్గర ఇంకో రెండు గంటలు. చివరికి నలభై మిల్లీలీటర్లు. పాలు పోస్తే రెండో అంకంలో కళ్లముందే విరిగి గడ్డకడతాయి. మొదటిసారి చూసిన ప్రతి విద్యార్థీ ప్రయోగం పాడైందనుకుని కంగారు పడతాడు. పాడవలేదు నాయనా, పసిపిల్లల పొట్టలో రోజూ జరిగేదే అది.

ఇక నా అప్రతిష్ట. చాలా ఏళ్ల క్రితం, ఒక విదేశీ ల్యాబ్‌తో కలిసి ఒకే పెసరపిండిని అక్కడా ఇక్కడా అరిగించి చూశాం. మా గొట్టంలో మాంసకృత్తులు సరిగా తెగలేదు, వాళ్ల గొట్టంలో శుభ్రంగా తెగాయి. రెండు నెలలు మెయిళ్ల మీద మెయిళ్లు. వాళ్ల పిండిలో తేమ చేరిందన్నాను, మర తేడా అన్నాను, అడక్కపోయినా మన పెసల గొప్పతనం గురించి ఒక పేజీ రాశాను. అటునుంచి వచ్చిన జవాబు ఒకటే వాక్యం: ప్రయోగం చేసిన రోజు మీ పెప్సిన్ బలం కొలిచారా? కొలవలేదు. మాంసకృత్తులను తెంచే ఆ ఎంజైము సీసా మీద అచ్చువేసిన అంకెనే నమ్మాను. ఎన్నోసార్లు కరెంటు పోయి వచ్చిన ఫ్రిజ్‌లో ఉన్న సీసా అది. కొలిస్తే బలం సగానికి పైగా పోయింది. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక మా ఇంట్లోవాళ్లు "ఏమైంది, అన్నం తినట్లేదు" అని అడిగారు.

తర్వాత తెలిసింది, ఇన్ఫోజెస్ట్ కూటమిలోని ల్యాబులు పాలపొడితో సరిచూసుకున్నప్పుడు పొట్ట దశలో తేడాలు ఎక్కువగా పెప్సిన్ దగ్గరే తేలాయని. కాస్త ఊరట. అసలు సంగతేమిటంటే, నా తప్పు నా ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనపడలేదు. వేరే ఊళ్లో, అదే కుంచంతో కొలిచినవాళ్లకు కనపడింది.

ఒకరి కొలత ఇంకొకరికి పనికొచ్చే ఈ కథ మన తెలుగువాళ్లకు కొత్తది కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములను స్ప్రూ జబ్బు తీసుకుపోయింది. ఆయనకూ ఆ జబ్బు వచ్చి తగ్గింది. మా అత్తయ్య మాటలో అది అచ్చంగా తిన్నది ఒంటికి పట్టని రోగం. పేగు గోడ పోషకాలను లోపలికి తీసుకోదు. ఆయన హార్వర్డ్ వెళ్లి 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి అచ్చువేసింది మందు కాదు, ఒక కొలత. రక్తంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి చెప్పే పద్ధతి. మీరు బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఆ నీలిరంగు చూసి, సుబ్బారావు ఎవరని అడక్కుండానే మార్కులు తెచ్చుకున్నారు.

ఇంకోవైపు, ఇంగ్లండ్ వైద్యురాలు లూసీ విల్స్ 1928లో బొంబాయి వచ్చి, గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనత మీద పనిచేశారు. కొన్నాళ్లు కూనూర్‌లోనూ ఉన్నారు. అక్కడ మెకారిసన్ అనే వైద్యుడు మొదలుపెట్టిన పోషకాహార ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, ఇప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. ఈస్ట్‌తో చేసే చవక మార్మైట్‌తో ఆ రక్తహీనత తగ్గుతుందని ఆమె 1931లో చెప్పారు. అందులో ఏముందో తెలియదు. 1941లో టెక్సస్‌లో నాలుగు టన్నుల పాలకూర వడగట్టి, వచ్చిన పిసరంత పదార్థానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. 1945లో న్యూయార్క్ దగ్గర లెడర్లీ ల్యాబ్‌లో సుబ్బారావు గారి బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటనే టామ్ స్పీస్ అనే వైద్యుడు క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. పనిచేసింది. బొంబాయి, కూనూర్, టెక్సస్, న్యూయార్క్, క్యూబా. మధ్యలో ఎక్కడా ఎంఓయూ లేదు, శాలువా లేదు, గ్రూపు ఫోటో లేదు. ఒకరు రాసింది ఇంకొకరు నమ్మి ముందుకు తీసుకెళ్లగలిగేట్టు ఉంది, అంతే.

ఎంఓయూలంటే నాకు కోపమనుకోకండి. సంతకాలు పెట్టి, ఆ ఫైలు బీరువాలో పెట్టి, మూడేళ్లకు రెన్యువల్ చేసుకునే పద్ధతి మీదే కోపం. ఇంకో కోపం కూడా ఉంది. సెయింట్ మార్టిన్ చదువురాని పేదవాడు. అతని పొట్టతో బోమాంట్‌కు పేరొచ్చింది. అతను 1880లో చనిపోతే శరీరాన్ని పరీక్షించడానికి ఇమ్మని ఓస్లర్ వంటి పెద్ద డాక్టరు అడిగినా ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. శవం కుళ్లేదాకా ఇంట్లోనే ఉంచి, ఎవరూ తవ్వుకుపోకుండా లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టారు. రేపు మీలో ఎవరైనా ఏజెన్సీ గ్రామాల్లో కొర్రలు, సామలు తినేవాళ్ల రక్తమో మలమో నమూనాగా తీసుకుని విదేశీ భాగస్వామికి పంపే కాగితం మీద సంతకం పెట్టే ముందు, ఆ గొయ్యిని ఒకసారి తలుచుకోండి. నమూనా మనది, పేపర్ వాళ్లది, చివరి పేజీలో కృతజ్ఞతల్లో మన పేరు అనే ఏర్పాటును సహకారం అనడానికి నాకు నోరు రాదు.

మనం పట్టుకెళ్లాల్సింది నమూనాలనే కాదు, ప్రశ్నలను కూడా. ఇన్ఫోజెస్ట్ పద్ధతి మొదటి అంకంలో నమిలిన తిండి ఎంత చిక్కగా ఉండాలో చెప్పడానికి ఏం పోలిక చెప్పారో తెలుసా? టమాటా పేస్టు, ఆవాల ముద్ద. రాసినవాళ్ల భోజనాల బల్ల కనిపిస్తుంది అందులో. తప్పు లేదు, వాళ్లు తినేది వాళ్లు రాశారు. మనం బల్ల దగ్గర లేము. జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహారాల్లో ఏది ఎంత ఉందో దేశమంతా తిరిగి లెక్క తేల్చింది. పళ్లెం లెక్క చేతికొచ్చింది. రాగి సంకటిలోని సున్నం, ఉలవచారులోని ఇనుము ఒంటికి ఎంత పడతాయి, గింజను మొలకెత్తిస్తే ఖనిజాలను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ తగ్గి ఎంత తేడా వస్తుంది, గోంగూర పులుపు పక్కన ఉంటే ఏమవుతుంది, ఆ లెక్క ఇంకా ఎంతో మిగిలే ఉంది. గాజు గొట్టం ఒక్కటే చాలదు కూడా. అసలు పొట్టలో పీహెచ్ భోజనం కాగానే పెరిగి, తర్వాత మెల్లగా దిగుతుంది. మూడు దగ్గర బుద్ధిగా కూర్చోదు. ముసలివాళ్ల పొట్ట వేరు, పసిపిల్లలది వేరు. ఇవన్నీ ఆ పద్ధతి రాసినవాళ్లే ముందుగా ఒప్పుకున్నారు.

నోటి దశకు రెండు నిమిషాలు ఎందుకు పెట్టారంటే, అంతకంటే తక్కువైతే ల్యాబ్‌లో ప్రతిసారీ ఒకేలా చేయడం కష్టమని. నిజాయితీ గల కారణం. కానీ నెయ్యి వేసి కలిపిన ముద్దపప్పు అన్నం నోట్లో రెండు నిమిషాలు ఉండటం మీలో ఎవరైనా చూశారా? వేళ్లతో కలిపేటప్పుడే సగం నమలడం అయిపోతుంది. ఆ కలపడాన్ని ఏ దశలో రాయాలి? పదేళ్లుగా అడుగుతున్నాను, ఎవరూ కొలిచి చెప్పలేదు. ఇవాళ మెస్‌లో ముద్దపప్పు, ఆవకాయ ఉన్నాయని రిజిస్ట్రార్ గారు చెప్పారు. నేను మూడో బంతిలో కూర్చుంటాను. స్టాప్‌వాచ్ ఉన్నవాళ్లు పక్కన చోటు చూసుకోండి.